గంటసేపే ఆగే లాంచీ

"మళ్లొచ్చినవా? మీ సారపాక మిల్లుల పని లేదా ఏంది?"

లాంచీ దిగి ఇసుకలో నాలుగడుగులు వేశానో లేదో, కళావతి తగులుకుంది. రేవులో వెదురు పూలు, వెదురు పడవలు పరుచుకుని అమ్మే పిల్ల. పోయిన ఎండాకాలం మా కాగితం మిల్లు వాళ్లతో పాపికొండలు చూడ్డానికి వచ్చినప్పుడు మొదటిసారి గొడవపడ్డాం. "రోజూ లారీల కొద్దీ వెదురు దింపుతం, గీ పువ్వుకు గంత రేటా?" అన్నాను.

"గయితే లారీనే తెచ్చి మీ ఇంట్ల అలంకరించుకో పో!" అంది. ఇక అంతే, పడిపోయాను. వానాకాలం లాంచీలు ఆపేస్తే గోదారిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఇది నాలుగోసారి. మిగతావాళ్లు కొండలకు ఫొటోలు తీస్తున్నారు. నాకు కొండలెందుకు? లాంచీ ఇక్కడ ఆగేది గంటసేపే. ఆలోగా పెళ్లి సంగతి తేలాలి.

"ఇయ్యాల నీకోసం రాలే. మీ అవ్వకోసం వచ్చిన."

"ఎందుకో?"

"నిన్ను నాకిస్తదా అని అడగనీకి."

ఆమె చేతిలో వెదురు చీల్చే కత్తి ఆగింది. నవ్వు దాచుకోవడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "దూలయ్యా, నీ పేరే ముసలోని పేరు. అవ్వకు నచ్చుతవ్‌లే." కత్తి పక్కన పెట్టి, "నాకు ఎప్పుడో నచ్చినవ్," అంది.

ఎప్పుడూ చిటపటలాడే పిల్ల అంత మెత్తగా అనేసరికి, ఇంకేం అడక్కుండా ఆమె వెంట వాళ్ల గుడిసెకు నడిచాను.

గుడిసె ముందు వాళ్ల నాయనమ్మ ముత్తక్కవ్వ చింతపండు గింజలు తీస్తోంది. "మన కోయోళ్ల పిలగాడే అవ్వా," అంది కళావతి. నిజమే, మాది బూర్గంపాడు దగ్గర కోయగూడెం. కాకపోతే అమ్మానాన్న చిన్నప్పుడే పోయారు, హాస్టల్లో పెరిగాను.

"ఇంటిపేరేంది బిడ్డా?"

వాళ్ల ఇంటిపేరు వేరని ముందే కనుక్కున్నాను కాబట్టి ధీమాగా చెప్పాను.

అవ్వ చింతపండు అవతల పడేసి లేచి నన్ను వాటేసుకుంది. "ఓరి నా బిడ్డా! మీది ఐదో గట్టు! మాది గూడ ఐదో గట్టే! కళా, మీ అన్న వచ్చిండే! కాళ్లకు నీళ్లు తే, జల్దీ!"

గట్టంటే మా కోయల్లో గోత్రం లాంటిది; ఇంటిపేర్లు ఎన్నయినా ఉండనీ, ఒకే గట్టు వాళ్లు అన్నాచెల్లెళ్లే. పెళ్లి మాటే ఉండదు. ఏ కోయ ఇంట్లోనైనా పసిపిల్లలకు కూడా తెలిసే సంగతి. హాస్టల్లో నాకు ఇరవై ఎక్కాలు నేర్పారు గానీ, ఇది నేర్పినవాళ్లు లేరు.

కళావతి చెంబుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎందుకొచ్చానో అవ్వకు చెప్పకుండా, నేనే వెళ్లి చెంబు అందుకున్నాను. ఆమె పక్కన కూర్చుని అన్నం పెడుతుంటే, ఏడుపు మింగుతూ తిన్నాను.

లాంచీ హారన్ కొట్టింది. కళావతి రేవుదాకా వచ్చింది.

"నాకంటే తెల్వదు. నువ్వన్నా ముందే అడగొద్దా?" అన్నాను.

"నోటిదాక వచ్చేది. ఒకటే గట్టయితే నువ్వు మళ్ల రావని భయమయ్యి అడగలే."

ఇద్దరం ఏడ్చాం. చూసేవాళ్లు చూశారు.

"అవ్వ పండుగకు రమ్మన్నది," అన్నాను. "ఒక్కసారి అన్నా అని పిలువు కళావతీ. గట్లనన్న ఎప్పటికీ వస్తుంట."

రెండో హారన్ మోగింది. ఆమె కళ్లు తుడుచుకుంది.

"పిలువ. నాతోని కాదు," అంది. "అందుకే మళ్ల రాకు, దూలయ్యా."