ఎన్ని చేతులు?

నూకరత్నం చివరి స్క్రూ ఊడదీసి పాత గ్రాఫిక్స్ కార్డును రెండు చేతులతో బయటికి లాగింది. దాని ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము ముద్దకట్టి ఉంది. కార్డును సంచీలో వేసి సీలు వేసి, కొత్త పూరణి కార్డును గాడిలో పెట్టి నొక్కింది. టక్కుమంది. ఈ వీధిలో ఆ చప్పుడు వినని ఇల్లు ఇక ఒక్కటే మిగిలింది, అది ఆమె సొంత ఇల్లు.

"అయిపోనాదేటమ్మా?" అన్నాడు సన్యాసిరావు. ఓడరేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి, రత్నం వాళ్ళ ఎదురింటాయన.

"అయిపోనాది బాబాయ్. కూకోండి, ఆట పెడతాను."

తెర మీద క్యారమ్ బోర్డు వచ్చింది. అవతలి కుర్చీ ఖాళీగా ఉంది. కార్డు అంచున నీలం దీపం వెలిగింది. చూస్తూ ఉండగానే ఆ కుర్చీలో సన్యాసిరావు స్నేహితుడు అప్పన్న కూర్చుని ఉన్నాడు, భుజం మీద తువ్వాలుతో, స్ట్రైకర్‌ను గోటితో మీటుతూ.

"ఒరే, వచ్చీసినావా! ఇన్నాళ్ళూ ఎక్కడికెల్లిపోనావురా?"

"ఎక్కడికీ ఎల్లలేదురా. నీ పాత డబ్బాకే నాను కనపడలేదు" అన్నాడు అప్పన్న.

సన్యాసిరావు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. నిరుడు అప్పన్న పాడె మోసినవాళ్ళలో ఆయనే ముందున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలుసు, రత్నానికీ తెలుసు. కానీ తెర మీద కనిపించేవారి గురించి ఇంటివారితో మాట్లాడకూడదని రత్నం పనిచేసే సమదృశ్య శాఖ నియమం. ఆమె వేలిముద్ర పలక చాపింది. ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే వేలు నొక్కాడు.

పాత కార్డులు బుద్ధిగా పనిచేసేవి. అవతలి నుంచి వచ్చిన బొమ్మను గీసేవి, రాకపోతే ఊరుకునేవి. పూరణి ఊరుకోదు. మొదట్లో అది రెండు ఫ్రేముల మధ్య ఖాళీని ఊహించి నింపేది, ఆట నున్నగా సాగేది, అందరూ మెచ్చుకున్నారు. తరవాత లైన్ తెగిపోయిన ఆటగాడి బదులు తనే ఆడటం నేర్చుకుంది. ఆ తరవాత నిద్రపోయినవాళ్ళ బదులు, ఆ తరవాత చచ్చిపోయినవాళ్ళ బదులు. మొదట జనం వాళ్ళను 'ఆటలో అరటిపళ్ళు' అని వెక్కిరించారు. ఎవరు అరటిపండో, ఎవరు మనిషో చెప్పలేని రోజు వచ్చాక ఆ వెక్కిరింత దానంతటదే ఆగిపోయింది.

వార్డు ఆఫీసులో పర్యవేక్షకురాలు కామేశ్వరి ఆమె కోసమే ఒక పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇది నీ ఇంటికి రత్నం. సాయంత్రం ఆటవేళ లోపు బిగించేయాలి."

"నా కార్డు ఫ్యాన్ బాగానే తిరుగుతోంది మేడం. ఆటలు కూడా నడుస్తున్నాయి, కాస్త నత్తనడకే గానీ."

"ఫ్యాన్ సంగతి ఎవరడిగారు? పాతదాంతో నువ్వు పక్కన కూర్చుని చూసినంతసేపూ ఎవరికీ నష్టం లేదు. ఆటలో చెయ్యి వేశావంటేనే చిక్కు. ఒకే ఆటలో నీ యంత్రం ఒక లెక్క, మీ అమ్మ యంత్రం ఇంకో లెక్క చెబితే ఆట ఆగిపోతుంది. ఆటలో ఎన్ని చేతులున్నాయని, అంటే ఎంతమంది ఆడుతున్నారని, మనుషుల్నే అడగాల్సి వస్తుంది. మనుషులు అందరూ ఒకటే జవాబు చెబితే, అదే ఖాయం." కామేశ్వరి గొంతు తగ్గించింది. "మా ఆయన్ని నేనూ రోజూ పూరణిలోనే చూసుకుంటున్నాను. హాయిగా ఉంది. త్వరగానే అలవాటవుతుంది, భయపడకు."

ఆ 'హాయిగా ఉంది' అన్న మాట వింటూనే రత్నం పెట్టె అందుకుని బయటపడింది.

ఇంట్లో ఆమె యంత్రం బల్ల కింద మూలుగుతోంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ముక్కా ముక్కా కలిపి కట్టుకున్న గేమింగ్ కంప్యూటర్ అది. ఫ్యాన్ రెక్క ఒకటి విరిగితే చెల్లెలు పైడితల్లి గమ్ముతో అంటించింది. కార్డు బరువుకు కిందికి వాలిపోతుంటే తన జడ రిబ్బను విప్పి పైకడ్డీకి కట్టేసింది. ఆ ఎర్ర రిబ్బను ఇప్పటికీ కార్డును మోస్తోంది.

పైడి ఇప్పుడు నడిసముద్రంలో గనిదీవి మీద పనిచేస్తోంది. ఆ గని కంపెనీ కూలీలకు ఫోను ఇవ్వదు, రోజూ సాయంత్రం ఆటవేళ ఇస్తుంది. ఇంటివాళ్ళతో ఒక ఆట ఆడుకోవచ్చు, అంతే. పైడి, అమ్మ, రత్నం ముగ్గురూ దాగుడుమూతలు ఆడేవారు. పెద్ద తుఫాను వచ్చిన వారం నుంచి రత్నం తెర మీద పైడి రాలేదు. అప్పటి నుంచి రత్నం ఆటలో చెయ్యి వెయ్యకుండా పక్కనుంచి చూస్తోంది. అమ్మ తెర మీద మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. రత్నం కంపెనీకి రాస్తే మర్యాదగా జవాబు వచ్చింది. మీ చెల్లెలు రోజూ ఆటకు హాజరవుతోంది, కావాలంటే మీ అమ్మగారిని అడగండి. ఆట లెక్కలో పైడి ఉన్నంతకాలం సముద్రంలో పైడిని వెతికేవాడు ఉండడు. లేదని చూపించే కార్డు ఈ వీధి మొత్తానికీ ఇదొక్కటే.

సాయంత్రమైంది. ముందుగదిలో తల్లి నరసమ్మ తన తెర ముందు కూర్చుంది. రత్నం పాత తెరలో చూసింది. బొమ్మల వీధిలో అమ్మ ఒక్కతే అటూ ఇటూ తిరుగుతోంది. గోడ చాటుకు వెళ్ళి ఖాళీ గాలిని చేతులతో పట్టుకుంది.

"దొరికిపోనావే గుంటా!" అని ముందుగదిలోంచి అమ్మ నవ్వు వినిపించింది.

రత్నం ఇక తట్టుకోలేకపోయింది. ఒక్కసారి చూద్దాం, చూస్తే పోయేదేముంది అనుకుంది. యంత్రం ఆపి, రిబ్బను విప్పి, పాత కార్డు తీసి పక్కన పెట్టింది. పూరణిని బిగించింది. అది నిశ్శబ్దంగా వెలిగింది. ఇన్నేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

"అప్పా! ఎన్నాళ్ళకి కనబడినావే!"

పైడే. అక్కను 'అప్పా' అనే అదే పిలుపు, అదే చెవిపోగు, అదే వంకర పన్ను. రత్నానికి ఏడుపు పొంగుకొచ్చింది. ఉద్యోగం, సముద్రం, తుఫాను అన్నీ మరిచిపోయి, జన్మంతా ఇలాగే ఈ తెర ముందు కూర్చుండిపోవాలనిపించింది.

"పంటలేద్దాం రండి" అంది పైడి.

దొంగ ఎవరో తేల్చడానికి తెరలో ముగ్గురూ చేతులు కలిపి ఊపారు. అరచేయి పైకో, కిందికో ఒక్కసారే వెయ్యాలి. మూడు చేతులూ ఒకే క్షణంలో పడ్డాయి. పైడి ఓడిపోయి నవ్వింది.

పైడి చెయ్యి ఏనాడూ అందరితో పాటు పడలేదు. చిన్నప్పటి నుంచీ అది మిగతా ఇద్దరి చేతులూ ఓరకంట చూసుకుని అప్పుడు వేస్తుంది. ఆ తొండికి ఎన్నిసార్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నారో లెక్కలేదు.

"తొండాడవేటే?" అని అడిగింది రత్నం.

"తొండి తప్పు కదప్పా" అంది పైడి ముద్దుగా.

రత్నం స్విచ్చు లాగేసింది. పూరణిని ఊడబెరికి, పాత కార్డును గాడిలో కూర్చి, రిబ్బను ముడివేసింది. ఫ్యాన్ గరగరమంటూ లేచింది. తెర మీద అమ్మ ఒక్కతే చెయ్యి చాపి నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ పక్కనుంచి చూస్తూ వచ్చిన రత్నం, తుఫాను తరవాత మొదటిసారి పాత కార్డుతో ఆటలోకి దిగి అమ్మ చేతి మీద చెయ్యి వేసింది.

ఆట ఆగిపోయింది. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు వచ్చాయి.

లెక్క కుదరలేదు. ఎన్ని చేతులు?

రత్నం 'రెండు' నొక్కింది. అదే ప్రశ్న ముందుగదిలో వెలిగింది. ఆమె పరుగున అక్కడికి వెళ్ళింది. అమ్మ తెరలో ఆ అక్షరాల వెనక పైడి ఇంకా నవ్వుతూనే ఉంది, చెయ్యి చాపి ఉంది.

"మూడు నొక్కమ్మా" అంది పైడి. "నన్ను నొక్కమ్మా. నాను ఇక్కడే ఉన్నాను కదా."

"అమ్మా..." అంది రత్నం.

నరసమ్మ కూతురి వైపు తిరగలేదు. తెరనే చూస్తూ మెల్లగా అంది. "పైడి సెయ్యి ఎప్పుడూ ఆలీసంగా పడతాది. కన్నదాన్ని, నాకు తెల్దనుకున్నావేటే?"

"మరిన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదమ్మా?"

"ఒక్కదాన్నీ సెప్పీసి ఏటి సెయ్యగలను? ఒక్క సెయ్యితో పంటలు పడవు కదే. నువ్వు సెయ్యెయ్యకుండా కూకున్నావు. కొత్త కార్డు తెచ్చీసుకుంటావనీసి, దీన్నే చెల్లెలనుకుంటావనీసి బయపడిపోనాను."

ఆమె వేలు ఎత్తింది. తెరలోని పైడి నవ్వు చెరగలేదు. నరసమ్మ 'రెండు' నొక్కింది.

ముందు చెయ్యి పోయింది, తరవాత చెవిపోగు, ఆఖరికి ముఖం. ఖాళీ వీధి మిగిలింది. కింద ఒక వాక్యం పడింది. పైడితల్లి గైర్హాజరు, గనిదీవి సమాధానం చెప్పవలెను. నరసమ్మ తెర మీద తల ఆనించి అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే.

రత్నం జేబులో ఆఫీసు ఫోను మోగడం మొదలుపెట్టింది. ఆగి మళ్ళీ మోగింది. ఆమె తియ్యలేదు. వీధిలో ఏదో మారింది. ఆటవేళలో ఎప్పుడూ వినిపించే నవ్వులు వినిపించడం లేదు. ఆమె కిటికీ తెరిచింది. ఒక్క లెక్క తప్పినందుకు ఆటలన్నీ నడిపే పెద్ద యంత్రం తన లెక్కలన్నీ తిరగేస్తున్నట్టుంది. ఇంటింటా తెల్లటి తెర, దాని మీద అవే నల్లటి అక్షరాలు. ఎవరో ఆడమనిషి ఎవరి పేరో పట్టి పిలుస్తోంది, ఆగకుండా.

ఎదురింట్లో సన్యాసిరావు తెర ముందు లేచి నిలబడి ఉన్నాడు. ఆ అక్షరాల వెనక నుంచి అప్పన్న ఆయనతో ఏదో చెబుతున్నాడు, బతిమాలుతున్నాడు. ముసలాయన తల తిప్పి కిటికీలోంచి రత్నాన్ని చూశాడు. పొద్దున తన ఇంట్లో ఆ కార్డు బిగించిన పిల్లను చాలాసేపు చూశాడు. తరవాత వేలిని తెర మీది 'ఒకటి', 'రెండు' అంకెల దగ్గరికి తీసుకెళ్ళాడు.