ఎనిమిది బిల్లాలు

2024 మే ఇరవై ఒకటి, మంగళవారం. పొద్దున తొమ్మిదింటికే మా తుకుం పేట రోడ్ల మీద మనుషులు పలచబడ్డారు. ఆకాశంలో మబ్బు లేదు, నీలం కూడా లేదు. సున్నపు నీళ్ళ రంగులో ఉంది. ఆకు కదలడం లేదు. ఎండ నలభై అయిదు దాటుతుందనీ, సాయంత్రం గాలిదుమారం లేవచ్చనీ రేడియోలో చెప్పారు. నేను తలకు తడి తువ్వాలు చుట్టుకుని, జేబులో ఉల్లిగడ్డ వేసుకుని, ఘుగ్గుస్ వైపు పోయే ఆటో కోసం నిలబడ్డాను. ఉల్లిగడ్డ జేబులో ఉంటే వడదెబ్బ తగలదని మా ఆవిడ గిరిజ నమ్మకం. నేను వరంగల్లో ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నమ్మను. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఉల్లిగడ్డ మాత్రం వేసుకుంటున్నాను.

ఆ రోడ్డు మీదే గోపాల్ గ్యారేజీ. ఒకే బొగ్గుగనిలో ఇద్దరం ముప్ఫై ఏళ్ళు పనిచేశాం. నేను పైన డ్రాయింగ్ ఆఫీసులో ఫ్యాను కింద, అతను మొదట లాంపు రూములో, తర్వాత వర్క్‌షాపులో ఫిట్టరుగా. వాళ్ళది ఆదిలాబాద్ వైపు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు రుక్మిణితో గ్యారేజీ వెనక రెండు గదుల్లో ఉండేవాడు. నాకు పిల్లలు లేరు. పొద్దున అక్కడికి పోయి, రుక్మిణి పెట్టిన జొన్నరొట్టె తిని, పొద్దుగుంకే వేళకు ఇల్లు చేరేవాణ్ణి. ఆదివారాలు గ్యారేజీ ఉండదు. సోమవారం ఆటోవాడితో మొదటి మాట మాట్లాడేటప్పుడు నా గొంతు నాకే ఎవరిదో లాగా వినిపించేది. గోపాల్ లేకపోతే నాకు వారమంతా ఆదివారమే. ఈ మాట అతనితో ఎప్పుడూ అనలేదు. అనాల్సింది.

ఏప్రిల్లో గోపాల్ ఒక జీపు తెచ్చాడు. నలభై అయిదేళ్ళ నాటి పెట్రోలు బండి, ఫోర్ వీల్ డ్రైవ్. ఏదో గనిలో షిఫ్టు మనుషుల్ని మోసిన బండి అన్నారు. ఏ గని అంటే అమ్మినవాడికి తెలియదు. వెనక అటొకటి ఇటొకటి ఇనప బెంచీలు, పైన టాపు లేదు, నేల రేకు తుప్పు పట్టి జల్లెడ. మా పథకం పెద్దదే. ఇంజను విప్పి బోరు చేయించాలి. ముందు చక్రాలకు బలం అందించే గేరుపెట్టెకు కొత్త బేరింగులు వేయాలి. బెంచీలు పీకేసి ఇద్దరు పడుకునేలా చెక్క పలకలు పరచాలి, వాటి కింద నీళ్ళ ట్యాంకు, పైన టార్పాలిన్. వానలు తగ్గాక అడవి దారిన సిరొంచ దాకా పోయి, గోదావరి ఒడ్డున బండి ఆపి, అన్నం వండుకోవాలి.

"మీ ఇద్దరి నాలుగు మోకాళ్ళల్ల ఒక్కటన్న సక్కగ ఉన్నదా?" అని రుక్మిణి ఎగతాళి చేసేది. "వీళ్ళకు ఫోర్ వీల్ గావాల్నట!"

"నువ్వు మంచిగ రొట్టెలు కట్టియ్యి, చాలు," అనేవాడు గోపాల్. "మోకాళ్ళకు నేను గ్రీజు పెట్టుకుంట."

పాత బండిని విప్పే ముందు కొలవాలి, ఏ భాగం ఎక్కడిదో తెలిసేలా గుర్తులు కట్టాలి. మా కాలేజీలో డ్రాయింగు చెప్పిన మేష్టారు, పెన్సిల్ మొన సరిగ్గా లేదని ఒకసారి నన్ను క్లాసు బయట నిలబెట్టాడు. ఆ భయం ఇంకా పోలేదు, అందుకే నా కొలతలు తప్పవు. మే పదిహేడున, శుక్రవారం, వెనక చక్రం నడిమధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా కొలిచాను. రెండు పక్కలా నలభై ఎనిమిది సెంటీమీటర్లు. బరువు మోసే కమాను కట్టలు కుంగిన బండికి ఈ కొలతే ముఖ్యం. కొత్త పట్టీలు ఎన్ని వేయాలో దీన్నిబట్టే తేలుతుంది. నోటుబుక్కులో రాసుకున్నాను.

మర్నాడు గోపాల్ చుట్టాల పెళ్ళికని వరోరా పోయాడు. నేనొక్కణ్ణే గుర్తులు కట్టాను. మామూలుగా అట్ట ముక్కల మీద రాసి కడతారు; నూనె తగిలితే అవి పోతాయి. ఘుగ్గుస్‌లో పాత ఇనుము కొనే భంగార్ కొట్టులో తీగకు గుచ్చిన ఇత్తడి బిల్లాలు ఎనిమిది దొరికాయి. గుండ్రంగా, రూపాయికి రెండింతలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. వెనక భాగంలో విప్పాల్సినవి సరిగ్గా ఎనిమిది. 114 ఎడమ బెంచీకి, 27 కుడి బెంచీకి... అలా ఎనిమిదీ కట్టి, ఏ నంబరు దేనికో బుక్కులో ఎక్కించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సోమవారం కూడా గోపాల్ రాలేదు; చూస్తే జీపు వెనక వైపు కూర్చుండిపోయినట్టుంది. కొలిచాను. నలభై ఒకటి. పట్టీ విరిగిందేమోనని పడుకుని చూశాను. ఏదీ విరగలేదు. బండిలో ఒక్క సామానూ లేదు.

ఇదంతా మంగళవారం గోపాల్‌కు చెప్పాలని ఆత్రంగా పోయాను. అతను అప్పటికే జీపు ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు, తాగడం లేదు.

"సారు, గివి ఎవరు కట్టిండ్రు?"

"నేనే. నంబర్లు ఎట్లాగూ ఉన్నాయి కదా అని." బండి కుంగిన కొలత కూడా చెప్పాను.

"అరె, నీ సదువుకో దండం!" అన్నాడు. నవ్వలేదు. "ముప్పై ఏండ్లు గన్ల పనిజేస్తివి. గివేందో ఎర్కలేదా నీకు?"

తెలుసు. కానీ పైన ఫ్యాను కింద కూర్చున్నవాడికి తెలిసినంతే. గనిలోకి దిగేవాడు తన బిల్లా లాంపు రూములో ఇచ్చి తలదీపం తీసుకుంటాడు. ఆ బిల్లా బోర్డు మేకుకు తగిలిస్తారు. పైకి వచ్చాక దీపం అప్పజెప్పి తన బిల్లా తాను తీసుకుపోతాడు. మేకుకు బిల్లా వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఒకడి బిల్లా ఇంకొకడు తగిలించకూడదు, తీయకూడదు. లాంపు రూములో చేసినవాళ్ళు దీన్ని దేవుడి పని లాగా పాటిస్తారు.

"నువ్వు ఎనిమిది మందిని బండ్లెకు ఎక్కిచ్చినవ్, సారు," అన్నాడు మెల్లగా. "మన్షికి ఒక సెంటీమీటరు జరా తక్కువ. లెక్క జూస్కో, ఇంజనీరువు గద."

చూసుకున్నాను. సరిపోయింది. ఏడు సెంటీమీటర్లకు ఎనిమిది మంది.

"తీసేద్దాం," అన్నాను.

"నువ్వు ముట్టకు. నేను ఎన్కకు ఇస్త. ఇచ్చే తరీక ఒకటుంటది. గాని షిఫ్టు దిగే యాళ్ళకే ఇయ్యాలె."

షిఫ్టు దిగేది నాలుగింటికి. అంతదాకా కూర్చున్నాం. రుక్మిణిని పక్కింటికి పంపించాడు. మూడున్నరకు పడమటి నుంచి దుమారం లేచింది. ఘుగ్గుస్ వైపు ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగి, తర్వాత నల్లబడింది. రేకుల మీద ఇసుక రాలసాగింది. గోపాల్ షట్టర్‌ను బెత్తెడు వదిలి దించేశాడు. కరెంటు పోయింది. పట్టపగలు, షట్టర్ కింది సన్నటి వెలుగు గీత తప్ప, షెడ్డులో నా చెయ్యి నాకు కనిపించడం లేదు. పాత పెట్రోలు వాసన, రబ్బరు వాసన, కాలిన గ్రీజు వాసన. కాసేపటికి వాటి అడుగు నుంచి ఇంకో వాసన లేచింది... తడి బొగ్గు. నీళ్ళు కారే సొరంగంలో ఉండే వాసన. నేను గనిలోకి ఆరుసార్లు మాత్రమే దిగాను, కానీ ఆ వాసన ఒకసారి చాలు.

వేడి పోయింది. నలభై అయిదు డిగ్రీల రోజున నా పళ్ళు చలికి కొట్టుకున్నాయి.

గోపాల్ జీపు వెనక నిలబడ్డాడు. గొంతు సవరించుకుని, లాంపు రూము కిటికీలో నుంచి పిలిచినట్టు పిలిచాడు.

"నంబర్ నూట పధ్నాలుగు."

ఏమీ లేదు. రేకుల మీద ఇసుక...

తర్వాత కమాను కట్ట కిర్రుమంది. బరువు దిగితే వచ్చే చప్పుడు. గమ్‌బూట్లు నేలను తాకాయి. తడి గమ్‌బూట్లు. నా ముందు నుంచి షట్టర్ వైపు నడిచాయి. చల్లటి గాలి మోకాళ్ళకు తగిలింది. షట్టర్ కింది వెలుగు గీత ఒక్క క్షణం మసకబడి, మళ్ళీ తేరుకుంది.

"నంబర్ ఇరవై ఏడు."

కిర్రు... అడుగులు... గీత మసకబడింది.

"కదలకు, సారు," గుసగుసగా అన్నాడు గోపాల్. "దారిల నిలబడకు."

నేను గోడకు అతుక్కుపోయాను. మూడు. నాలుగు. ఒకడు నా ముందు ఆగాడు. ఊపిరి లేదు, తలదీపం బ్యాటరీ ఆసిడ్ వాసన మాత్రం మొహం మీదకు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. చీకట్లో కళ్ళు మూసుకోవడం ఏమిటో! పోయాడు. ఐదు. ఆరు. ఏడు. గోపాల్ గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. ఎనిమిదో నంబరు పిలిచాడు. కిర్రు... అడుగులు... వెలుగు గీత.

"బస్," అన్నాడు గోపాల్. "అయిపాయె. పదరా సారూ, చాయ్ తాగుదాం." ఇన్నేళ్ళలో నన్ను రా అనడం అదే మొదటిసారి. నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా.

అప్పుడు...

కమాను కట్ట మళ్ళీ కిర్రుమంది.

ఎవరూ పిలవలేదు. ఏ నంబరూ మిగల్లేదు.

అడుగులు నేలను తాకాయి. గమ్‌బూట్లు కావు. ఉత్త కాళ్ళు. మెల్లగా, చాలా రోజులు కూర్చుని లేచినవాడి లాగా... రెండు అడుగులు. మూడు.

అవి షట్టర్ వైపు రాలేదు. గోపాల్ నిలబడిన చోటికి పోయి, ఆగిపోయాయి.

"గోపాల్..."

అతని గొంతు నా వైపు తిరిగి లేదు, ఆ అడుగులు ఆగిన వైపు ఉంది. "సారు, నువ్వు ఇంటికి పో. రేపు రాకు."

దుమారం తగ్గింది. వెలుగు వచ్చాక చూస్తే బిల్లాలు ఒక్కటీ లేవు, కట్టిన తీగలు మాత్రం ముడి విప్పకుండానే ఉన్నాయి. నాకు వేరే ధైర్యం లేదు కానీ కొలిచే అలవాటు ఉంది. వంగి కొలిచాను. రెండుసార్లు.

నలభై తొమ్మిది.

నేను మొదటి రోజు కొలిచిన నలభై ఎనిమిది ఖాళీ బండిది కాదు. బిల్లాలు కట్టక ముందే అందులో ఒకడు కూర్చుని ఉన్నాడు. ఈ మాట గోపాల్‌కు చెప్పబోయాను. అతను నా మొహం చూసి తల అడ్డంగా ఊపాడు. అతనికి ముందే తెలిసినట్టుంది.

రావద్దన్నా రోజూ పోయాను. ఎక్కడికి పోను? షట్టర్ దించి ఉండేది. "సారును పంపియ్యి," అని లోపలి నుంచి రుక్మిణికి చెప్పేవాడు, నాకు వినపడేలా. ఆరో రోజు షట్టర్ అవతల అతను ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు, బతిమాలుతున్నట్టు. రుక్మిణి నా పక్కనే, బయట నిలబడి ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

పదకొండో రోజు గోపాల్ పోయాడు. దవాఖానలో వడదెబ్బ అని రాశారు.

దినాల నాడు, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, రుక్మిణి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. గోపాల్ వీలునామా కాగితం మీద లేదు, నోటి మాటే. జాగా, రెండు గదులు ఆమెకు. పానాలు, జాకీలు, వెల్డింగు మిషను వరోరాలో ఉన్న మేనల్లుడు తరుణ్‌కు. జీపును ఎవరికీ ఇవ్వొద్దు, కోయించి భంగార్‌కు వేయాలి. అప్పటికే కోయించేసింది.

"మీకు మాత్రం ఏం ఇయ్యొద్దన్నడు సారు. ఒక్క నట్టు గూడ," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దోస్తు గదనే అంటె, 'అందుకే' అన్నడు."

కొంగు వదిలి, గోపాల్ మంచం వైపు చూపించింది. నవారు మంచం.

"ఆ పదకొండు దినాలు అన్న కింద బండల మీదనే పన్నడు. గీ మంచం మీద ఎవ్వరు పండలే. గాని తెల్లారేసరికి నవారు నడుమ కుంగుతుండె. దినాం బిగిచ్చిన. అన్న పోయిన నాటిసంది బిగుతుగనే ఉన్నది."

నేను చెయ్యి వేసి చూశాను. బిగుతుగానే ఉంది.

రుక్మిణికి ఇల్లు. తరుణ్‌కు పానాలు. భంగార్‌వాడికి జీపు. నాకు ఏమీ రాలేదు. ఉత్త చేతులతో ఆటో ఎక్కి తుకుం వచ్చి తాళం తీశాను. మా గదిలో రెండు మంచాలు, పక్కపక్కనే. ఒకటి నాది. రెండోది గిరిజది; దాని మీద నాలుగేళ్ళుగా ఎవరూ పడుకోలేదు.

దాని నవారు నడుమ కుంగి ఉంది. ఇది జరిగి ఇప్పటికి తొమ్మిది రోజులు. నేను బిగించలేదు.