పసుపు లేని టైరు

ఝాన్సీ సంచి సర్దుతోంది. ఒక చీర, ఒక టవలు, దువ్వెన, లిప్‌స్టిక్. ఆ లిప్‌స్టిక్ నిజానికి కెమెరా. పెనుకొండలో వాళ్ల అద్దె ఇంట్లో అప్పుడు ఉదయం తొమ్మిది గంటలు.

"ఒక్క చీరేనా?" అడిగాడు భర్త శామ్యూల్.

"రేపొస్తా గదా. ఇంగోటి ఎవురికి, బ్రూనో కట్టుకుంటాడా?"

ఇద్దరూ సీక్రెట్ ఏజెంట్లే. ఝాన్సీ రెండేళ్లుగా డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది.

స్పీకర్ ఫోన్‌లో చీఫ్ ప్రేమలత గొంతు పలికింది.

"కొరియర్ బ్రూనో. కార్ల మోడల్స్ సేకరించేవాడి వేషం. మన తొమ్మిదిమంది ఏజెంట్ల పేర్లున్న చిప్ ఒక మోడల్‌లో దాచాడు. 1959 క్యాడిలాక్, నలుపు, జానెడున్నర పొడవు. అది హిందూపురంలో కొన్నది. తికమక పెట్టడానికి అలాంటివే బెంగళూరులో ఇంకో రెండు కొన్నాడు. ఈ మధ్యాహ్నం మూడు ఇరవైకి ధర్మవరంలో రైలెక్కుతాడు, ఝాన్సీతో."

"అక్కడే పట్టుకుంటే?" అన్నాడు శామ్యూల్.

"చిప్ అందుకునేవాడు మాయమవుతాడు. వాడి ముఖం కావాలి. చిప్ చేరిందా, రాత్రికి తొమ్మిది శవాలు."

ఝాన్సీ జిప్ లాగింది. "ఒక్క కారు మార్చేకే టైముంటాది. అసలుది ఏదో నువ్వే కనుక్కోవాల."

హిందూపురంలో ఆ కారు అమ్మిన బట్టల వ్యాపారి లక్ష్మీనరసయ్య అద్దాల బీరువా తెరిచాడు. ప్యాకర్డ్, లింకన్, క్యాడిలాక్... నలభై ఏళ్ల సేకరణ.

"ప్రతిదీ జత కొంటానప్పా. ఒకటి చూసేకి, ఒకటి దాచేకి. ఇదిగో, ఆయప్ప కొన్నదానికి జత. సీలు గూడా తీయలేదు."

"ఆయన కొన్నది గుర్తుపట్టేదెట్ల?"

"మాయమ్మ పుణ్యం! పోయిన నెల ఆయుధపూజకు బీరువాలోని బండ్లన్నిటికీ పసుపు పూసింది. టైర్ల చుట్టూ తెల్ల రబ్బరు సూడు, దాన్లోకి ఇంకిపోతే కడిగినా పోదు. ఆ మరక చూసి ఆయప్ప మొగం మాడ్చుకున్యాడు."

లోపలినుంచి ఆయన తల్లి కన్యకమ్మ వచ్చింది. "కొత్త బండిని పసుపు లేకుండా పంపకూడదబ్బా. ఉండు, తెస్తా."

"టైం లేదవ్వా!"

పెట్టె చంకన పెట్టుకుని శామ్యూల్ బైక్ ఎక్కాడు. ఒంటిగంటంబావు.

ధర్మవరం ప్లాట్‌ఫారం. టీ అమ్మేవాడి వేషంలో శామ్యూల్, చేతిలో క్యాను, రెండో చేతిలో బుట్ట. బుట్టలో అట్టల కింద క్యాడిలాక్. బెంచీ మీద ఝాన్సీ. నాలుగడుగుల దూరంలో బ్రూనో అటు తిరిగి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"చక్కెర తక్కువేనామ్మా?"

"చక్కెరే వద్దు."

వాడు చూడటంలేదు అని కోడ్.

ఆమె బ్రూనో సంచి తెరిచి పైన తన టవలు కప్పింది. లోపల మూడు పెట్టెలు. రెండోదాంట్లో ముందు టైరు మీద వేలు రాసినంత పసుపు. కుడిచేత్తో టీ అందించి, ఎడమచేత్తో పెట్టె మార్చాడు. నాలుగు సెకన్లు.

రైలు వచ్చింది. బ్రూనో తన సంచి తీసుకుని ఎక్కాడు. వెనకే ఝాన్సీ.

శామ్యూల్ బుట్టలోకి చూశాడు. పసుపు టైరు. అంటే సంచిలోకి వెళ్లినది తెల్లగా ఉంది. మరక చూసి మొహం మాడ్చుకున్నవాడు ఒక్కసారి సంచి తెరిస్తే చాలు.

రైలు కదిలింది. ఆమె బెంచీ మీద వదిలిన టవలు చేతబట్టుకుని పరుగెత్తాడు.

"అమ్మా, నీ టవలు! దిగి తీస్కో! దిగమ్మా!"

ఝాన్సీ తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె చూపు బుట్టలోని టైరు మీద ఆగింది. అర్థమైంది. ఆమె దిగితే వాడు వెంటనే సంచి తెరుస్తాడు, చెయిన్ లాగుతాడు, చిప్ ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది.

"ఉంచుకోప్పా. రేపొచ్చి తీసుకుంటాలే."

చిప్ నాలుగింటికి చీఫ్ చేతికి చేరింది. అనంతపురం దాటాక లిప్‌స్టిక్ కెమెరా నుంచి ఒక ఫోటో వచ్చింది. చిప్ అందుకోవడానికి అక్కడ ఎక్కినవాడి ముఖం అది. వారంలో వాణ్ణి పట్టుకున్నారు. గుంతకల్లులో మనవాళ్లు బోగీలన్నీ వెతికితే సీటు కింద విరిగిన క్యాడిలాక్, ఝాన్సీ సంచి దొరికాయి. చీర మడత కూడా చెదరలేదు.

తొమ్మిదిమందీ క్షేమం. రిపోర్టులో ప్రాణనష్టం గడిలో ప్రేమలత 'లేదు' అని రాసింది. రికార్డుల ప్రకారం ఝాన్సీ శత్రువుల మనిషి.

ఝాన్సీ తిరిగి రాలేదు. ఆమె ఆ రైలెక్కింది 2023 నవంబరు 18, శనివారం.