తెరిచిన కిటికీ

ఇండోనేషియాలోని రియావులో, ఆ పామాయిల్ తోటల కంపెనీ కాలనీలో సూర్యుడి మొహం చూసి చాలా రోజులైంది. రోస్మైనీ మోకాళ్ళ మీద కూర్చుని తలుపుల కింద సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కుతోంది. కొత్త తోటల కోసం కంపెనీ అడవి తగలబెట్టే కాలంలో, పొగ లోపలికి రాకుండా ఆ ఇంట్లో మొదటి పని అదే, చేసేది ఆమె ఒక్కతే. లోపల కూతురు నద్రాకు ఊపిరి తీస్తే పిల్లికూతలు.

భర్త హస్బుల్లా అద్దం ముందు ఆకుపచ్చ బాతిక్ చొక్కా సర్దుకుంటున్నాడు. కంపెనీలో పర్యావరణ విభాగానికి ఆయనే పెద్ద. మంటల్ని నీళ్ళతో ఆర్పేవాళ్ళు వేరే ఉన్నారు, ఈయన మాటలతో ఆర్పుతాడు.

"కెమెరా వాళ్ళొస్తున్నారు. ఆ తువ్వాళ్ళు తీసి కిటికీ తెరువు."

"ఎందుకో?"

"ఇక్కడ గాలి బాగుందని వాటాదారులకి చూపించాలి. మొక్కలు నాటిన వీడియో పెట్టగానే షేరు ఎంత లేచిందో తెలుసా?"

"లేవదూ మరి! దానికి ఊపిరితిత్తులు లేవుగా."

వంటింట్లోంచి అత్తగారు సావియా అందుకుంది. "మనూళ్ళో వాలుగ చేపలకి పొగబెడతాం రా. మీ కంపెనీ మనుషులకే పెడుతోంది. రుచెలా ఉందో మీ వాటాదారుల్నే అడుగు."

"ఈ కంపెనీ జీతం తినేటప్పుడు లేదా ఈ రోషం?" అని అరిచాడు హస్బుల్లా. నద్రా మందు కూడా ఆ జీతంతో కొన్నదే.

కెమెరా అతను వచ్చాడు. కంపెనీ ఆకు బొమ్మ ఉన్న మాస్కు ముక్కు మీదికి లాక్కుంటూ, "పాప మాస్కు తీసెయ్యాలి సార్," అన్నాడు. హస్బుల్లా తనే తువ్వాళ్ళు లాగి పడేసి, కిటికీ తెరిచి, నద్రా మాస్కు తీసి కెమెరా ముందు నిలబెట్టాడు. గదంతా కాలిన వాసన.

"చెప్పమ్మా, నిన్న నేర్పాను కదా."

"మా నాన్న కంపెనీ వల్ల మాకు మంచి గా..." నద్రాకు దగ్గు తెర వచ్చింది. పెదాలు నల్లబడుతున్నా తండ్రి చెయ్యి పట్టుకుంది. "కోప్పడకు నాన్నా. ఈసారి దగ్గకుండా చెప్తాను."

హస్బుల్లా కిటికీ ధన్‌మని మూశాడు. రోస్మైనీ పరుగున వచ్చి మందు పీల్పించింది. పిల్ల ఊపిరి మెల్లగా కుదుటపడింది.

"సార్, ఇంకొక్కసారి..."

"కెమెరా ఆపకు. ఇది తియ్యి." హస్బుల్లా బాతిక్ చొక్కాతోనే నేల మీద కూలబడి, కొక్కేనికున్న తువ్వాలు లాగి తలుపు కింద కుక్కుతున్నాడు. "కంపెనీ ఇచ్చిన ఈ ఇల్లు ఇక మనకుండదేమో, రోస్."

ఇన్నాళ్ళూ ఆ మనిషిని చూస్తే ఆమెకు అసహ్యమే. ఇప్పుడెందుకో ఏడుపొచ్చింది.

"ముందా తువ్వాలు తడపండి. పొడిగుడ్డకి పొగ ఆగదు," అంటూ నీళ్ళ బకెట్ తెచ్చి అతని పక్కన కూర్చుంది.