లారియన్ గనిలో కూలిన స్తంభం

లారియన్ వెండితో ఏథెన్స్ ఓడలు కట్టింది, గుళ్ళు కట్టింది, ఆపైన లోకానికి నీతులు చెప్పింది. ఆ వెండి తవ్వే బానిసల మొహం చూసిన పాపాన మాత్రం ఒక్క పెద్దమనిషీ పోలేదు. అందుకే థోరికోస్ రేవులో ప్రైవేటు పరిశోధకుడు నౌసియాస్ గడపలో రోడా నిలబడేసరికి వీధి వీధంతా ముక్కు చిట్లించింది.

రోడా ఖనిజం కడిగే మనిషి. ఆమె భర్త సాగారిస్ గని బానిస. మూడు రోజుల కిందట తెలేసిప్పోస్ అనే ఆసామి కౌలుకు తీసుకున్న గనిలో కప్పు కూలి, అతని భాగస్వామి అగాసియాస్ చచ్చిపోయాడు. కప్పును మోయడానికి వదిలిన రాతి స్తంభంలో ఎంత వెండి ఉన్నా తొలవకూడదు. తొలిస్తే మరణశిక్ష. ఆ స్తంభాన్ని సాగారిస్ ఈ వారంలోనే దొంగతనంగా తొలిచి రాయి అమ్ముకున్నాడని తెలేసిప్పోస్ ఫిర్యాదు చేశాడు.

"రేపు చక్రానికి కట్టి నిజం కక్కిస్తారట బాబుగారూ. ఆయన ఆ గనికి వచ్చి ఇరవై రోజులైనా కాలేదు," అంది రోడా. ఆమె ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా ఉన్నట్టు లేదు.

నౌసియాస్ తన సహాయకుడు ఫిలినోస్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. పాకలో సంకెళ్ళతో కూర్చున్న సాగారిస్ మోకాళ్ళు ఏళ్ళ తరబడి పాకి పాకి గిట్టల్లా గట్టిపడ్డాయి. గనివాళ్ళు మోకాళ్ళకు కట్టుకునే తోలుముక్కలు పక్కనే ఉన్నాయి. నౌసియాస్ అవన్నీ చూశాడు గాని అతన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఫిలినోస్‌కు ఆశ్చర్యం వేసినా, గురువుగారు ఊరికే ఏదీ చెయ్యరని సర్దిచెప్పుకున్నాడు.

గని వాకిట తెలేసిప్పోస్ చీలమండల దాకా తెల్లబట్ట కప్పుకుని ఎదురయ్యాడు. ఎప్పుడైనా లోపలికి దిగారా అని అడిగితే అతను అసహ్యంగా నవ్వాడు.

"పాక్కుంటూ పోవడానికి నేనేమన్నా గొడ్డునటయ్యా? పౌరుణ్ణి. ఆ బొరియలో ఇంతవరకు కాలు పెట్టలేదు, పెట్టను కూడా."

లోపల సొరంగం నడుమెత్తు కూడా లేదు. ఫిలినోస్ తల రెండుసార్లు బొప్పి కట్టింది. కూలినచోట స్తంభం మొదలు మిగిలి ఉంది. ఉలి పడ్డ చోట నౌసియాస్ వేలితో రాస్తే వేలు నల్లబడింది. పైన కొత్తగా విరిగిన కప్పురాయి మాత్రం శుభ్రంగా ఉంది. శిథిలాల అంచున ఒక దుంగ, దాని అడుగున తాడు ముడి కనిపించాయి. తాడు సొరంగం ద్వారం వైపు సాగి ఉంది.

తిరిగి వస్తూ నౌసియాస్ ఊరి మల్లశాల దగ్గర ఆగి కాపలాదారుతో కాసేపు ముచ్చటించాడు.

మర్నాడు పొద్దున్న చక్రం సిద్ధమైంది. గని అధికారులు, తెలేసిప్పోస్, కూలీలు అంతా చేరారు. నౌసియాస్ తీరిగ్గా మొదలుపెట్టాడు. స్తంభం తొలిచిన చోట దీపాల మసి దట్టంగా పేరుకుంది. అంత మసికి నెలలు పడతాయి, సాగారిస్ వచ్చి ఇరవై రోజులు. అంటే అంతకుముందే యజమాని దాన్ని తొలిపించుకుని, కప్పు నిలవడానికి దుంగ పెట్టించాడు. అది అగాసియాస్ కంటపడింది. ఫిర్యాదు చేస్తాడన్న భయంతో, దీపాల్లో నూనె అయిపోయి ఒక జట్టు బయటికొచ్చి రెండోది ఇంకా దిగని వేళ అతన్ని లోపలికి పంపి, ఎవరో వెనకాలే పాక్కుంటూ వెళ్ళి దుంగకు కట్టిన తాడు లాగారు.

"గనివాడైతే మోకాళ్ళకు తోలు కట్టుకునేవాడు. అలవాటు లేనివాడికి ఆ సంగతి తెలీదు," అన్నాడు నౌసియాస్. "పదిహేనేళ్ళుగా రోజూ మల్లశాలలో బట్టలు విప్పి కుస్తీ పట్టే మహానుభావుడు, కప్పు కూలిన రోజునుంచి అటు తొంగిచూడలేదట. తెలేసిప్పోస్, ఆ బట్ట కాస్త పైకెత్తు."

అతను ఎత్తలేదు. భటుడు ఎత్తాడు. రెండు మోకాళ్ళూ దోక్కుపోయి పక్కులు కట్టి ఉన్నాయి. గొడ్డులా పాకను అన్న పెద్దమనిషి బట్ట కిందికి లాక్కోబోతే భటుడు చెయ్యి పట్టుకున్నాడు.

అధికారి గొంతు సవరించుకుని, ఎంతైనా బానిస సాక్ష్యం కూడా రాసుకోవాలి కదా, చక్రం ఎక్కించనిదే అది చెల్లదు కదా అని నసిగాడు.

"వాడి సాక్ష్యమే ఇందులో లేదు, వాణ్ణి నేనేమీ అడగలేదు," అన్నాడు నౌసియాస్. " వాడు చెప్పిన ఒక్క ముక్క వాడుకున్నా మీ చట్టం వాడి ఎముకలు అడుగుతుంది. అందుకే రాయినీ ఈయన మోకాళ్ళనీ అడిగాను."

నిన్న పాకలో గురువుగారు ఒక్క ప్రశ్నా అడగనిది ఎందుకో ఫిలినోస్‌కు అప్పుడు తెలిసింది. తెలేసిప్పోస్‌ని తీసుకెళ్ళారు. సాగారిస్ సంకెళ్ళు విప్పారు. క్షమించమని ఒక్కడూ అనలేదు. అధికారులు అప్పుడే గని ఈసారి ఎవరికి కౌలుకివ్వాలో మాట్లాడుకుంటున్నారు. రోడా భర్త చేతులు పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూసుకుంది. సాగారిస్ మొదటిసారి నోరు విప్పాడు.

"ఆ కప్పు కింద ఏదైనా ఆసరా పెట్టించమని చెప్పండి, అయ్యా. రేపు అక్కడికి దిగాల్సింది మళ్ళీ నేనే."