నూగు వాలిన వైపు

ఆ మధ్యాహ్నం కోడలు ఇంటికి వచ్చీ రాగానే, చెప్పులైనా విడవకుండా, దండేల మీది బట్టలన్నీ లాగి చింపడం మొదలుపెట్టింది! అవి కట్టుకునే బట్టలు కావు. పాత వార్తాపత్రికలతో కత్తిరించిన చొక్కాలూ, గౌన్లూ, కోట్లూ. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు వేలాడుతూ, ఫ్యాను గాలికి గలగలమంటూ ఉంటే, నిద్రకళ్ళతో చూసేవాళ్ళకు ఎవరో మనుషులు మెల్లగా మాట్లాడుకుంటూ తిరుగుతున్నట్టే ఉండేది. ఇప్పుడు ఆ మనుషులంతా నేలమీద కుప్పపడుతున్నారు... వాలుకుర్చీలో కునుకు తీస్తున్న అత్తగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

వీధిలో అందరూ ఆ కోడల్ని కత్తెరమ్మ అంటారు. పెళ్ళికి ముందు నుంచీ ఒకే దర్జీ కార్ఖానాలో గుడ్డ కత్తిరించే పని చేసింది. కార్ఖానా మూతపడ్డ రోజున తోటివాళ్ళు గొల్లుమన్నారు. కత్తెరమ్మ మాత్రం తన కత్తెరను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. మర్నాటి నుంచి ఎప్పటి వేళకే లేచి, తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, పొద్దుటిపూట పని అడుగుతూ కొట్టు కొట్టూ తిరిగేది. మధ్యాహ్నం చేయి మొద్దుబారకుండా కాగితాలు కత్తిరించేది. కత్తిరిస్తూ కలలు కనేది. ఈ కోటు ఎవరో డాక్టరమ్మది, ఈ గౌను మొదటిసారి బడికెళ్ళే పిల్లది, ఈ చొక్కా చాన్నాళ్ళకు నవ్విన మనిషిది... అలా ఒక్కొక్కరినీ ఊహించుకుంటుంటే, తన పని ఎక్కడికీ పోలేదనీ, కాస్త దూరంగా వెళ్ళి కూర్చుందనీ అనిపించేది.

అత్తగారికి మాత్రం ఆ కాగితాలంటే గిట్టేది కాదు. మనింట్లో మనకంటే బట్టలే నయం, అన్నీ చదువుకున్నవే అని దెప్పేది. బస్సు నడిపే కొడుకు పకపకా నవ్వేవాడు. కోడలు కూడా నవ్వేసేది గానీ, ఆ మాట లోపలెక్కడో గుచ్చుకునేది.

"ఏమైందమ్మా?" అంది అత్తగారు.

కోడలు ఆ కుప్ప పక్కనే కూలబడి, వెక్కుతూ వెక్కుతూ అంతా చెప్పింది. ముఖమల్ కోట్లు కుట్టే కార్ఖానాలో మాస్టరు పరీక్షకు పిలిచి, ముందు నీలం గుడ్డ పరిచాడట. ఆమె చేయి తడుముకోలేదు. గుడ్డ వృథా కాకుండా ముక్కల్ని అటొకటి ఇటొకటి తిప్పి సర్ది, రోజూ కాగితం మీద చేసినట్టే చకచకా కత్తిరించేసింది. మాస్టరు రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి వెలుతుర్లోకి ఎత్తాడు. ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపించాయి! ముఖమల్ మీద సన్నటి వెంట్రుకల్లా ఉండే నూగు ఒకవైపే వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఆ వాలునే కత్తిరించకపోతే ఒకే కోటు రెండు రంగుల్లో కనిపిస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే ఎవరైనా నేర్చుకునే సంగతి అది. మాస్టరు కోప్పడలేదు. చేయి మంచిదేననీ, సోమవారం వచ్చి ఇంకొక్కసారి కత్తిరించి చూపించమనీ అన్నాడు.

"నేను వెళ్ళను అత్తయ్యా. కాగితాన్ని ఎటు తిప్పినా ఒకటే. ఇన్నాళ్ళూ దాంతో కాలక్షేపం చేసి, గుడ్డ ఎలా ఉంటుందో మరిచిపోయాను. ఇక ఈ కత్తెర ఎవరికైనా ఇచ్చేస్తాను."

అత్తగారు కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆవిడ చేతుల నిండా ఎర్రటి ముఖమల్... మామగారు ఒకప్పుడు నాటకశాలలో తెర ఎత్తే మనిషి. ఆ నాటకశాల మూసేసినప్పుడు పాత తెరలోంచి ఒక పెద్ద ముక్క ఆయనకిచ్చారు. ఆయన పోయాక అత్తగారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అలాంటిది, తెచ్చి బల్లమీద పరిచి కత్తిరించమంది!

కోడలు వెనక్కి జరిగింది. మామయ్యగారి గుర్తు మీద కత్తెర పెట్టడం తన వల్ల కాదంది.

"విను," అంది అత్తగారు. "పని పోయాక మీ మామయ్య ఆ కిటికీ దగ్గరే కూర్చునేవారు. నాటకం మొదలయ్యే వేళకి ఆయన చేతులు వాటంతటవే ఆడేవి... లేని తాడును లాగుతున్నట్టు. ఆ చేతుల్లో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. నువ్వు కాగితాలు కత్తిరిస్తుంటే నాకు ఆ చేతులే కనిపించేవి. చూడలేక ఏదో ఒకటి అనేదాన్ని. ఇవాళ నీ చేతుల్లో పెట్టడానికి ఇది ఉంది. కాదనకు తల్లీ."

కోడలు ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, కళ్ళు మూసుకుని, అరచేత్తో ఆ గుడ్డను నిమిరింది. కిందికి నిమిరితే నున్నగా, పైకి నిమిరితే గరుగ్గా... ఎన్నాళ్ళకు! ఆ ఎరుపులో ఎక్కడో దీపాలు వెలుగుతున్నట్టూ, జనం గుసగుసలు ఆగిపోయినట్టూ, తెర వెనక ఎవరో తాడు పట్టుకుని తన సైగ కోసమే నిలబడినట్టూ అనిపించింది. అప్పుడు కత్తెర అందుకుంది.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. నాన్న తెర ముక్కలై బల్లమీద ఉంది. తల్లి ముఖం చూశాడు, భార్య ముఖం చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, జారిపోతున్న అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆదివారం దాకా ఇంట్లో అదే లోకం. ముక్కలన్నీ కలిసి అత్తగారి ఒంటికి సరిపడే పొడుగు కోటు అయ్యాయి. ఈ వయసులో నాకిదేం సోకు అని సణుగుతూనే వేసుకుని, ఆవిడ మళ్ళీ విప్పలేదు.

సోమవారం మాస్టరు ఆకుపచ్చ ముఖమల్ పరిచాడు. కత్తెరమ్మ కత్తెర పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, గుడ్డ పొడుగునా ఒకసారి నిమిరింది. నూగు వాలిన వైపు సుద్దతో గీత గీసింది. ఇక కత్తిరించక్కర్లేదు, రేపటి నుంచి వచ్చేయండమ్మా అన్నాడు మాస్టరు. అయినా ఆమె ఊరుకుంటుందా, మొత్తం కత్తిరించే వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు ఎర్రకోటు వేసుకుని కుర్చీలో ఎదురుచూస్తోంది. కోడలి ముఖం చూడగానే సంగతి తెలిసిపోయింది. అయినా మొదటి నుంచీ చెప్పించుకుంది. తర్వాత చేయి చాచి, గుడ్డని ఎలా నిమిరావో నాకూ చూపించమంది. కోడలు ఆవిడ పక్కన కూర్చుని, భుజం మీద అరచేయి ఆనించి, కోటు చేతి పొడుగునా మణికట్టు దాకా తెచ్చింది. అత్తగారి మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"ఇంకాస్త మెల్లగా," అంది. "ఆయన తెర ఇంకా మెల్లగా ఎత్తేవారు."