పంతొమ్మిదో మెట్టు

ఆ కాలనీలో నీళ్ళ టవరు దగ్గరికి పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు.

ఒక గని కంపెనీ తన మనుషుల కోసం కట్టించిన కాలనీ అది. రెండు వేల కుటుంబాలకని గీశారు. నాలుగొందల కుటుంబాలు వచ్చాయి. తొమ్మిదేళ్ళకు గనిలో సరుకు అయిపోయింది, అందరూ సామాన్లు లారీలకెక్కించుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత పాత ఇనుము వాళ్ళు వచ్చారు. కిటికీ ఊచలు, పైపులు, కుళాయిలు, చివరికి తలుపుల బందులు కూడా పీక్కుపోయారు. టవరు లోపల మెట్ల పక్కనున్న కటకటాలను మాత్రం ముట్టుకోలేదు. అంత ఇనుమును వాళ్ళు ఊరికే వదిలిపెట్టే రకం కాదు.

ఎందుకని అడిగితే అందరూ ఒకటే చెప్తారు. ఎక్కేటప్పుడు చిట్టచివర ఎవరో మోకాలు అడ్డం పెట్టినట్టుంటుంది... దిగేటప్పుడు, మొదటి అడుగులోనే, ఎవరో కాలు పట్టి కిందికి లాగుతారు.

ఇద్దరికి చీలమండలు విరిగాయి. ఒకడికి ముందు పళ్ళు పోయాయి. దెయ్యం ఎవరిదనే దగ్గరే మాట కలవదు. ఇంజనీరు భార్యదని కొందరు, గనిలో ఊపిరాడక పోయినవాడిదని ఇంకొందరు. ఎవరూ చూడలేదు. కాలు లాగడం మాత్రం అందరికీ తెలుసు.

నాకు ఈ సంగతి చెప్పినావిడ పుస్తకాలు బాగుచేస్తుంది. గ్రంథాలయంలో ఆవిడ ఉద్యోగం అదే. వీపు ఊడిన వాటికి వీపు కుడుతుంది, చెదలు తిన్న కాగితానికి పల్చటి కాగితం అతికిస్తుంది. మా పత్రిక పాత సంపుటాలన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. పరిచయం అలా. అబద్ధం చెప్పే మనిషి కాదు. అంతకంటే ముఖ్యం, కథ చెప్పే మనిషి కూడా కాదు.

ఆవిడకు రెండు పిచ్చులున్నాయి. ఒకటి, ఎవరూ కట్టని కట్టడాల పుస్తకాలు. రెండు, జనం వదిలేసిన ఊళ్ళు. సెలవొస్తే చాలు, ఎక్కడో ఖాళీ అయిపోయిన ఊరు వెతుక్కుని బస్సెక్కుతుంది. "రెండింట్లోనూ తోసుకునే జనం ఉండరు. నా మానాన నేను నడుస్తాను" అంటుంది.

పుస్తకాల పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. ఆయన డ్రాఫ్ట్స్‌మన్. ఆ కాలనీని గీసిన ఆర్కిటెక్టు ఆఫీసులో అందరికంటే చిన్నవాడిగా చేరాడు. ఆ ఆర్కిటెక్టు బొమ్మలన్నీ కలిపి తర్వాత ఒక పుస్తకం వేశారు. నాలుగు కిలోల బరువు. ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. లోయకు అడ్డంగా తాళ్ళ మీద వేలాడే పట్టణం అందులో ఉంది. ఎండ వెంట మెల్లగా తిరిగే ఆస్పత్రి ఉంది. బంతిలాంటి గ్రంథాలయం ఉంది... గోడంతా అరలు, చదివేవాళ్ళు ఊగే వంతెనల మీద. వాటిలో ఒక్కటీ కట్టలేదు, ఈ కాలనీ తప్ప. "మీ నాన్నకు పుస్తకంలో ఇళ్ళంటే ప్రాణం. మన ఇంటి కప్పు కారుతున్నా కనపడదు" అనేదట వాళ్ళమ్మ, బతికున్న రోజుల్లో.

ఆవిడ చిన్నప్పటి నుంచీ ఆ పుస్తకంలో ఒకచోట రెండు పేజీలు అతుక్కుపోయి ఉండేవి. చెమ్మకు అతుక్కున్నాయనుకుంది. ఈ పని నేర్చుకున్నాక ఒకరోజు వేలితో తడిమి చూసింది. చెమ్మ కాదు. ఎవరో అంచుల వెంబడి జిగురు రాశారు, పద్ధతిగా, చేయి తిరిగినవాళ్ళు రాసినట్టు.

ఆవిరి పట్టి మెల్లగా విడదీసింది. లోపల నీళ్ళ టవరు. నిలువునా కోసి చూపిన బొమ్మ. మధ్యలో ఖాళీ, దాని చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళే మెట్లు. చాలా అందమైన బొమ్మ అంటుంది ఆవిడ ఇప్పటికీ.

తండ్రికి అప్పటికే చూపు పోయి ఎనిమిదేళ్ళు. డెబ్బై దాటాయి. పక్క గదిలో రాత్రంతా మంచం పట్టె మీద వేలితో కొడుతూ లెక్కపెడతాడు. ఒకటి, రెండు, మూడు... పద్దెనిమిది దాకా వచ్చి ఆగుతాడు. మళ్ళీ మొదలు. ఆవిడకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన నిండుగా నిద్రపోయిన రాత్రి లేదు. మాత్రలు వాడారు, డాక్టర్లను మార్చారు.

"నాన్నా, పేజీలు విడదీశాను" అంది.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మెట్లు లెక్కపెట్టావా?"

"పైవరసలో పద్దెనిమిది."

"పంతొమ్మిది ఉండాలమ్మా. పై అంతస్తు నేలను కూడా కలుపుకుని లెక్కేశాను. డ్రాయింగు నేర్చుకునేవాళ్ళు మొదటి వారంలో చేసే తప్పు. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏట చేశాను."

ఒక మెట్టు తగ్గితే చివరి ఎత్తు రెండింతలవుతుంది. ఎక్కేవాడికి మోకాలు తగులుతుంది. దిగేవాడికి, మసక చీకట్లో, మెట్టు ఉండాల్సిన చోట గాలి ఉంటుంది.

"అక్కడ ఒక మనిషి పోయాడు" అన్నాడాయన. "సైటులో సరిచేసే ఉంటారులే అన్నారు మా ఆఫీసులో. అలా సరిచేయడం మామూలే. చేశారో లేదో నేను మళ్ళీ అక్కడికి వెళ్ళి చూడలేదు. ధైర్యం చాల్లేదు. తర్వాత కళ్ళు పోయాయి."

ఆ సాయంత్రమే ఆవిడ మా ఆఫీసుకు వచ్చింది. పాత సంపుటం తీసి వెతికాం. ఐదో పేజీలో, కింద మూల, నాలుగు లైన్లు. కొత్త కాలనీలో ప్రమాదం. టవరు మెట్ల మీది నుంచి పడి ఒక కార్మికుడి మృతి. పేరు లేదు. అప్పట్లో మేం పేర్లు అడిగేవాళ్ళం కాదు. అడగాలని తోచేది కాదు.

కాలనీని పడగొట్టే ఉత్తర్వు అప్పటికే వచ్చేసింది. నెల రోజుల గడువు. ఇప్పుడు చూడకపోతే తండ్రి ప్రశ్నకు ఇక జవాబు దొరకదు.

"నీ దయ్యాల ఊళ్ళ తిరుగుడు ఇన్నాళ్ళకు పనికొచ్చింది" అన్నాడట తండ్రి.

"అక్కడ దయ్యం ఉందట, తెలుసా?"

"ఉంటే అడుగు, ఎన్ని మెట్లో."

ఆవిడ వెళ్ళిన రోజు బస్సు రెండు గంటలు ఆలస్యం. కాలనీకి నడిచి చేరేసరికి ఎండ పసుపెక్కింది. వీధులన్నీ గుండ్రం, ఇళ్ళన్నీ ఒకే అచ్చు. కాగితం మీద అది ముచ్చటగా ఉంటుంది. నేల మీద మనిషి దారి తప్పుతాడు. ఒకే గుమ్మం ముందు నుంచి మూడుసార్లు వెళ్ళాననుకుంది, లేదా మూడు గుమ్మాలు ఒకేలా ఉన్నాయి. ఇళ్ళ లోపల గోడల మీద మేకులు, ఫొటోలు తీసేసిన చోట తెల్లటి చతురస్రాలు. ఒక వంటగదిలో పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు... ఐదింటితో ఆగిపోయాయి.

టవరు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది.

తలుపు తెరిచే ఉంది. లోపల చల్లగా, తడి సున్నం వాసన. టార్చి వేసుకుని మొదలుపెట్టింది. మొదటి వరస, రెండో వరస, నీళ్ళ ట్యాంకు ఉన్న అంతస్తు. కాళ్ళు పీకుతున్నాయి. పైవరస దగ్గర కాసేపు కూర్చుంది.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

పైనుంచి. ఆగింది. మళ్ళీ... టక్.

లేచి పారిపోవాలనిపించలేదట. ఎందుకని నేను అడిగాను. "అంత దూరం వచ్చి, అన్ని మెట్లెక్కి, మళ్ళీ దిగే ఓపిక లేదండీ" అంది.

లెక్కపెడుతూ ఎక్కింది. పన్నెండు... పదమూడు... పైన లాంతరు వెలుతురు కనపడింది. పదహారు... పదిహేడు... పద్దెనిమిది...

"అక్కడే ఆగు తల్లీ" అంది ఒక గొంతు, నెమ్మదిగా. "పైది పచ్చిగా ఉంది. కాలు పెట్టకు."

ఒక మేస్త్రీ. గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో తాపీ, పక్కన సిమెంటు తట్ట. తలకు గుడ్డ. కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి. వయసో సిమెంటు దుమ్మో ఆ వెలుతురులో చెప్పలేనంది.

"ఎవరు మీరు?"

"ఈ మెట్లు కట్టినవాణ్ణి."

ఆవిడ పద్దెనిమిదో మెట్టు మీద నిలబడింది. దానిపైన కొత్త మెట్టు, తడితడిగా మెరుస్తోంది.

"ఈ సమయంలో పనేంటి మేస్త్రీ గారూ?"

"ఒకటి మిగిలిపోయింది." రసమట్టం మెట్టు మీద పెట్టాడు. "ఆ టార్చి కొంచెం ఇటు పట్టమ్మా. బుడగ నడిమికి వచ్చిందా?"

ఆవిడ వంగి చూసింది. "కొంచెం ఎడమకుంది."

టక్... టక్. తాపీ పిడితో మెల్లగా కొట్టాడు. "ఇప్పుడు?"

"వచ్చింది."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. రోజంతా పనిచేసినవాడు తీసుకునే ఊపిరి.

"వచ్చే నెల పడగొట్టేస్తారు కదండీ. ఎందుకింత శ్రమ?"

"పడగొట్టేవాళ్ళు ఎక్కాలి కదమ్మా."

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. నాలుగు కిలోలు, అక్కడిదాకా మోసుకొచ్చింది. ఆ పేజీ తెరిచి లాంతరు దగ్గర పెట్టింది.

"మా నాన్న గీశారు. పద్దెనిమిదే గీశారు. ఆయన వల్లే ఒక మనిషి పోయాడని ఇన్నేళ్ళుగా నిద్రపోడు."

మేస్త్రీ కాగితాన్ని ముట్టుకోలేదు. చేతులు తడిగా ఉన్నాయని వెనక్కి పెట్టుకుని వంగి చూశాడు.

"ఆ కళ్ళద్దాల కుర్రాడా? పెన్సిలు చెవిలో పెట్టుకుని మరిచిపోయి వెతుక్కునేవాడు... ఎలా ఉన్నాడు?"

"పెద్దవాడైపోయాడు. కళ్ళు కనపడవు."

"అయ్యో." నిజంగానే బాధపడ్డాడట. "ఈ కాగితం చూసిన రోజే నాకు తెలుసమ్మా ఒకటి తగ్గిందని. తాపీ పట్టినవాడికి ఆ మాత్రం తెలియదా? కాగితంలో తప్పులుంటాయనే కదా మేమున్నది. పద్దెనిమిది కట్టేసరికి పొద్దుపోయింది. ఒళ్ళు హూనమైంది. ఒక్కటే కదా... రేపు పొద్దున కడదాంలే అనుకున్నాను."

లాంతరు వత్తి తగ్గించాడు.

"తప్పు కాగితంది కాదు. రేపు అన్నాను చూడు, అదే తప్పు. ఆ కుర్రాణ్ణి నిద్రపొమ్మను."

తర్వాత ఆయన సామాను సర్దుకుంటుంటే ఆవిడ ముందు దిగింది. కింద చాలాసేపు ఎదురుచూసింది. ఆయన వేరే దారిన వెళ్ళుంటాడనుకుంది. ఆ టవరుకు ఒకటే దారని తర్వాత గుర్తొచ్చింది, కానీ అప్పటికి బస్సులో ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఇంటికి చేరేసరికి తండ్రి మేలుకునే ఉన్నాడు. మంచం పట్టె మీద వేళ్ళు.

"పంతొమ్మిది ఉన్నాయి నాన్నా" అంది చెప్పులు విడుస్తూనే. "ఇవాళే కట్టాడు. తప్పు నీది కాదట. నీ డ్రాయింగు చూడగానే తగ్గిందని తెలుసట. అలసిపోయి రేపటికి వాయిదా వేశాడట. దాన్నే తప్పనుకుంటున్నాడు."

"ఎవరు?"

"మెట్లు కట్టిన మేస్త్రీ. నువ్వు ఆయనకు బాగా గుర్తున్నావు. చెవిలో పెన్సిలు పెట్టుకుని వెతుక్కునేవాడివట."

వేళ్ళు ఆగాయి.

ఆవిడ ఆయన ముఖం చూసింది. చూపు లేని కళ్ళు తన వైపే ఉన్నాయి.

"ఆ రోజు పైనుంచి పడింది ఆయనేనమ్మా."

ఆవిడ గోడకానుకుంది.

తర్వాత తండ్రి మెల్లగా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"పని పూర్తయింది నాన్నా... బాగా అలసిపోయాడు."

జవాబు రాలేదు. వంగి చూస్తే, నిద్రపోయాడు.